రెండు పిస్టళ్ళకు ఉన్న లెక్క ముప్పై రైఫిళ్ళకు లేదు

2017 అక్టోబర్ 1న లాస్ వేగాస్‌లో సంగీత కచేరీకి వచ్చిన జనంపై హోటల్ 32వ అంతస్తు నుంచి కాల్పులు జరిపి 60 మందిని బలిగొన్న వ్యక్తి, అంతకు ముందు ఏడాది కాలంలో 30కి పైగా తుపాకులు కొన్నాడు. వాటిలో అత్యధికం రైఫిళ్ళే. అదే మనిషి ఒకే దుకాణంలో ఐదు పనిదినాల్లో రెండు పిస్టళ్ళు కొని ఉంటే, దుకాణదారు ఆ రోజు కొట్టు కట్టేసేలోగా అతని పేరు, తుపాకుల సీరియల్ నంబర్లు రాసి, తుపాకుల అమ్మకాలను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కు పంపాల్సి వచ్చేది. నెవాడాలో రైఫిళ్ళకు మాత్రం ఆ నిబంధన వర్తించదు.

పిస్టళ్ళు, రివాల్వర్ల విషయంలో 1975 నుంచి అమల్లో ఉన్న ఈ నియమాన్ని 1986లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టంలోకే ఎక్కించింది. మెక్సికో ముఠాలకు ఆయుధాలు తరలిపోతున్నాయన్న ఆందోళనతో 2011లో ఏటీఎఫ్ టెక్సస్, కాలిఫోర్నియా, అరిజోనా, న్యూమెక్సికో దుకాణదారులకు లేఖలు రాసి, కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేల్చి, తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే) రైఫిళ్ళకూ దీన్ని వర్తింపజేసింది. వ్యాపారులు కోర్టుకెక్కినా, 2013లో వాషింగ్టన్ అప్పీళ్ళ న్యాయస్థానం ఏటీఎఫ్ పక్షానే నిలిచింది. అయినా లేఖతో వచ్చిన నియమం లేఖతోనే పోగలదు. చట్టానికి ఉండే స్థిరత్వం దానికి లేదు.

ఈ నియమాన్ని దేశమంతటా రైఫిళ్ళకూ వర్తింపజేయాలంటే, ఇది రేపటి ఆయుధాల జప్తుకు నేడు వేస్తున్న పునాది అని వ్యతిరేకులు భయపడుతున్నారు. అరిజోనాలో దుకాణదారులు అనుమానాస్పద కొనుగోళ్ళ గురించి చెప్పినా ఏటీఎఫ్ అధికారులే తుపాకులను సరిహద్దు దాటనిచ్చిన ఉదంతాన్నీ వారు గుర్తుచేస్తారు. అది క్షమించరాని తప్పే. కానీ అందిన సమాచారాన్ని వాడుకోని అధికారిని శిక్షించాలి గానీ, సమాచారమే అందకుండా చేయడం ఏం న్యాయం?

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారికి ఇది బాగా అర్థమవుతుంది. ముక్కు దిబ్బడకు సూడాఫెడ్ కావాలంటే ఫార్మసీ కౌంటర్ దగ్గర గుర్తింపు కార్డు చూపి, పుస్తకంలో సంతకం పెట్టాలి. బ్యాంకులో 10,000 డాలర్లకు మించి నగదు జమ చేస్తే ఆ వివరం ప్రభుత్వానికి వెళ్తుంది. జలుబు మందు కొన్నవారినీ, డబ్బు దాచుకున్నవారినీ ఎవరూ దొంగలుగా చూడటం లేదు కదా! తుపాకీ దగ్గరకు వచ్చేసరికే లెక్క రాయడం అవమానమైపోతుంది.

అసలు సమస్య ఇంకా లోతైనది. తుపాకుల విషయంలో ఏదీ గుర్తుంచుకోకూడదని అమెరికా ప్రభుత్వం తన చేతులు తానే కట్టేసుకుంది. నేర చరిత్ర తనిఖీలో ఆమోదం పొందిన కొనుగోలుదారు వివరాలను 24 గంటల్లోపు చెరిపేయాలి. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ఏటీఎఫ్ కేంద్రానికి మూతపడిన తుపాకుల దుకాణాల నుంచి పెట్టెలకొద్దీ అమ్మకాల కాగితాలు చేరతాయి. వాటిని స్కాన్ చేసినా పేరుతో వెతికే వీలు ఉండకూడదు. హత్యాస్థలంలో దొరికిన తుపాకీ అలాంటి దుకాణంలో అమ్ముడైనదైతే, కొన్నదెవరో తెలుసుకోవడానికి సిబ్బంది పేజీ తర్వాత పేజీ తిప్పుతూ కూర్చోవాలి.

ఇన్ని గంతలు కట్టుకున్న వ్యవస్థలో, నేరం జరగకముందే ఒక పేరు అధికారుల బల్లమీదికి చేర్చే అతి కొద్ది మార్గాల్లో దుకాణదారు పంపే ఈ నివేదిక ఒకటి. దాన్ని దేశమంతటికీ విస్తరించడానికి కొత్త సంస్థ, కొత్త నిషేధం అక్కర్లేదు. 1986 చట్టంలో పిస్టల్, రివాల్వర్ అన్నచోట సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అన్న మాటను కాంగ్రెస్ చేర్చితే చాలు.