సవరణ: స్టేట్ పార్క్స్ పాస్ ఉన్నా సైటు అద్దె కట్టాలి

డాలస్ దగ్గర జో పూల్ లేక్ ఒడ్డునున్న సెడార్ హిల్ స్టేట్ పార్క్ గురించి మొన్నటి పోస్టులో, టెక్సస్ స్టేట్ పార్క్స్ పాస్ ఉంటే రాత్రి బస కూడా ఉచితమని ఉంది. అది సరికాదు. పాస్‌తో తప్పేది ప్రవేశ రుసుమే. సైటు (టెంటు వేసుకునే లేదా బండి నిలిపే స్థలం) అద్దె విడిగా కట్టాలి.

ఆర్‌వీ (లోపలే ఉండి పడుకునే వీలున్న పెద్ద బండి) వాళ్లు మరొకటి గమనించండి. నీళ్లు, కరెంటు ఉన్న ప్రతి సైటుకూ మురుగు కనెక్షన్ ఉండదు. అది కావాలంటే బుకింగ్‌లో ‘ఫుల్ హుకప్’ అని ఉన్నదే తీసుకోండి. లేదంటే బండిలోని మురుగు ట్యాంకు ఖాళీ చేయడానికి సామానంతా సర్దుకుని బండిని డంప్ స్టేషన్‌కు తీసుకెళ్లాలి. చంటిపిల్లలు, అమ్మానాన్నలతో రెండు మూడు రోజులు ఉండేవాళ్లకు ఇది పెద్ద టెన్షనే.

సైటుకు 8 మంది వరకే అనుమతి. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటే పక్కపక్క సైట్లు ముందే బుక్ చేసుకోండి.