గ్లిమ్ గారి కాండక్ట్ సర్టిఫికెట్

శ్రీ గ్లిమ్ గారికి,
పాత లండన్ దొంగల భాష, ఇంగ్లిష్ నిఘంటువుల దొడ్డిదారి.

విషయం: సత్ప్రవర్తన ధ్రువపత్రం కోరుతూ తమరు పెట్టుకున్న అర్జీ.

అయ్యా,

తమరి అర్జీ చేరింది. కొవ్వొత్తినీ నేనే, లాంతరునీ నేనే, అసలు వెలుగంటేనే నేను, అలాంటి నన్ను దొంగ మాటంటూ నిఘంటువులు చివరి బంతిలో కూర్చోబెట్టడం అన్యాయమని వాపోయారు. దీపమంటే దణ్ణం పెట్టే జాతి మాది. పోయిన కరెంటు వచ్చినా చేతులు వాటంతటవే కళ్ళ దగ్గరికి పోతాయి. కాబట్టి సంతకం చేసేద్దామనే అనుకున్నాం. కానీ ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలతాయని పెద్దలన్నారు గనక, ముందుగా పాత కాగితాలు తిరగేశాం.

పుట్టుక విషయంలో ఆక్షేపణ లేదు. గ్లీమ్, గ్లిమ్మర్, గ్లింప్స్ మీ దాయాదులే, మర్యాదస్తులు, కవుల ఇళ్ళల్లో కుదురుకున్నవాళ్ళు. పేచీ అంతా మీ స్నేహాలతోనే.

కెంట్ ప్రాంతపు పెద్దమనిషి థామస్ హార్మన్ 1567లో దేశదిమ్మరుల మోసాల మీద ఒక పుస్తకం వేశాడు. వాళ్ళు నిప్పును 'గ్లిమ్మర్' అంటారని అందులో రాశాడు. ఆ పేరుతో బతికే ఆడవాళ్ళ ముఠానూ పట్టి చూపించాడు. ఇల్లు తగలబడి సర్వం పోయిందని ఊరూరా ఏడ్చి అడుక్కోవడం వాళ్ళ వృత్తి. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ముష్టెత్తుకోవాలన్నా లైసెన్సు ఉండాలి. అదీ ఉండేది, సీలుతో సహా. లైసెన్సు దొంగది, సీలు దొంగది, తగలబడిన ఇల్లు అసలు కట్టనే లేదు. దొంగల భాషలో మీ వంశం పేరు మాకు దొరికిన పాత రికార్డు ఈ కేసే.

తర్వాత 1690ల చివర్లో బి.ఇ. అనే పొడి అక్షరాల చాటున ఒకాయన దొంగల భాషకు నిఘంటువు కూర్చాడు. అందులో 'గ్లిమ్'కి అర్థం: ఇళ్ళు దోచేటప్పుడు వాడే చీకటి లాంతరు. ఇక్కడ కాసేపు ఆగక తప్పదు, తమరి గుణమంతా ఆ లాంతరులోనే ఉంది.

అగ్గిపుల్ల లేని కాలం. దీపం వెలిగించాలంటే చెకుముకి రాయిని ఉక్కుముక్కతో టకటకా కొట్టాలి, రవ్వ మాడ్చిన గుడ్డ మీద పడాలి, అది రాజుకునేదాకా ఊదాలి, దానికి గంధకం పూసిన పుల్ల అంటించాలి, ఆ పుల్లతో వత్తి ముట్టించాలి. గుడ్డకు తేమ తగిలితే మళ్ళీ మొదటికే. ఈ చప్పుడంతా పరాయివాళ్ళ పడకగది గుమ్మంలో చేసేవాడు దొంగ కాడు, అలారం. అందుకని దీపం బయటే వెలిగించుకోవాలి, లోపలికి కనబడకుండా మోసుకెళ్ళాలి, అవసరమైన క్షణంలో బయటపెట్టాలి.

రేకుతో చేసిన గుండ్రటి డబ్బా, పక్కన ఒక కిటికీ. లోపల మరో గొట్టం, దానికీ ఒక కంత. లోపలి గొట్టం తిప్పితే కంతా కిటికీ ఎదురుపడి వెలుగు బయటికొస్తుంది. ఇంకాస్త తిప్పితే మాయం, మంట మాత్రం లోపల అలాగే మండుతూంటుంది. గాలి కింది చిల్లుల్లోంచి వస్తుంది, పొగ పై టోపీ లోంచి పోతుంది. ఆ టోపీలో వెలుగు తప్పించుకోకుండా అడ్డు రేకులు. 1605లో పార్లమెంటు కింద మందుగుండుతో దొరికిన గై ఫాక్స్ చేతి లాంతరు ఈ రకానిదే, ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. వెలుగును దాచిపెట్టడానికే ఇంత పనితనం పెట్టిన దీపం మరొకటి మా దృష్టికి రాలేదు.

పోనీ, ఆ పనైనా సవ్యంగా చేశారా? మన కొవ్వొత్తి ఇప్పుడు పేరుకే కొవ్వు. అక్కడ నిజంగానే గొర్రె కొవ్వు, ఎద్దు కొవ్వు. కిటికీ మూసి ఉంచితే డబ్బా వేడెక్కుతుంది, కొవ్వు మెత్తబడుతుంది, ఒత్తి ఒక పక్కకి ఒరిగిపోయి కారుతుంది. కనబడకుండా దాచారు సరే, మాడిన కొవ్వు కంపును ఏ గొట్టంతో దాస్తారు? పేనిన నూలు వత్తి మంట నడుమ నిటారుగా నిలబడుతుంది. అక్కడికి గాలి అందదు కాబట్టి అది కాలదు, పొడుగై నెత్తిన మసి గొడుగు కట్టుకుంటుంది. దాన్ని మాటిమాటికీ కత్తిరించాలి. కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఒక నాసిరకం కొవ్వొత్తిని కొలిచి చూశాడు. కత్తిరించిన వెంటనే వెలుగు 100 అనుకుంటే, 11 నిమిషాలకు 39, ఇంకో 8 నిమిషాలకు 23, మొత్తం 29 నిమిషాలకు 16. కత్తిరిస్తే మళ్ళీ 100. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెతను అక్షరాలా పాటించినవాళ్ళు మీ దొంగలే. కాకపోతే ఇల్లు ఎదుటివాడిది.

చట్టం కూడా వెలుగు లెక్క చూసింది. కన్నం నేరానికి శిక్ష ఉరి, అయితే అది రాత్రి జరిగి ఉండాలి. రాత్రంటే ఏది? మనిషి ముఖం ఆనవాలు పట్టేంత పగటి వెలుగు మిగిలి ఉంటే రాత్రి కాదని న్యాయ పండితుడు బ్లాక్‌స్టన్ వివరించాడు. పున్నమి వెన్నెల్లో ముఖం అద్దంలా కనబడినా అది లెక్కలోకి రాదట. తమరి వెలుగు సంగతి చెప్పనక్కర్లేదు. మిమ్మల్ని నమ్ముకుని వెళ్ళినవాడికి ఉరికంబం దాకా దారి చూపించారు, అంతవరకూ ఒప్పుకోవచ్చు.

బి.ఇ. నిఘంటువులోనే మీకు రెండో అర్థం కూడా ఉంది: చేతి మీద వాత పెట్టడం. కొన్ని నేరాల్లో మొదటిసారి దొరికినవాడికి 'క్లెర్జీ' అనే పాత వెసులుబాటు కింద ఉరి తప్పేది. రెండోసారి అదే పాట పాడకుండా, దొంగ అని తెలిసేలా ఎడమ బొటనవేలి మీద కాల్చి 'టి' అక్షరం వేసేవాళ్ళు. 1779 దాకా సాగింది ఈ అచ్చు. ఒకే మాట పనికి వెళ్ళేటప్పుడు దీపం, దొరికాక వాత. యజమానికి ఇంత నిక్కచ్చిగా రసీదు ఇచ్చే నౌకరు ఎక్కడా దొరకడు.

1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ తన మొరటు మాటల నిఘంటువులో ఏకంగా మీ కుటుంబ రేషన్ కార్డే ముద్రించాడు. కొవ్వొత్తి స్టాండు గ్లిమ్‌స్టిక్, కళ్ళు గ్లిమ్స్, నిప్పులు చెరిగేవాడు గ్లిమ్‌ఫ్లాషీ. వీళ్ళతో మాకు తగాదా లేదు. గ్లిమ్‌జాక్‌తోనే ఉంది. నార పీచు తారులో ముంచిన కాగడా పట్టుకుని, చిల్లర పుచ్చుకుని, రాత్రిపూట బాటసారులను ఇళ్ళకు చేర్చే కుర్రాడు వాడు. వాడికి 'చంద్రుణ్ణి తిట్టేవాడు' అని ఇంకో పేరు, వెన్నెల రాత్రి బేరం ఉండదు కాబట్టి. దారి చూపిస్తానని చీకటి సందులోకి తీసుకెళ్ళి దోపిడీకి సాయపడేవాళ్ళూ ఉన్నారని గ్రోసే రాశాడు. లండన్ బర్కిలీ స్క్వేర్ ఇళ్ళ ముందు కాగడాలు ఆర్పే ఇనుప గరాటాలు ఇప్పటికీ బోర్లించి ఉన్నాయి. మీ పేరిట మిగిలిన స్మారకం కూడా ఆర్పేదే!

మీ తరఫున చెప్పగలిగింది కూడా చెప్పాలి. వెలుగు అప్పట్లో నిజంగానే ఖరీదు. 1709లో పార్లమెంటు కొవ్వొత్తుల మీద పన్ను చట్టం చేసింది, 1831 దాకా ఎత్తలేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో పోసుకోవడానికీ వీల్లేదు. పేదలు చిత్తడిలో మొలిచే రష్ కాడలు కోసుకొచ్చి, నిలబడడానికి ఒక్క ఈనె మాత్రం ఉంచి తొక్కంతా ఒలిచి, ఎండబెట్టి, కాగిన కొవ్వులో ముంచి వెలిగించుకునేవాళ్ళు. ఊరి ఫాదిరి గిల్బర్ట్ వైట్ లెక్క ప్రకారం పౌను ఎండు కాడలకు 6 పౌన్ల కొవ్వు, ఒక్క మంచి కాడ 57 నిమిషాలు మండుతుంది, ఒక్క ఫార్దింగ్‌కు, అంటే పావు పెన్నీకి, అయిదున్నర గంటల వెలుగు. ఇంత పొదుపుగా బతికిన దీపం మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. దాన్ని మీ ఖాతాలో రాసుకుంటానంటే మాత్రం కుదరదు.

నావికుల దగ్గర మీకు కొంత మర్యాద దక్కినట్టుంది. అయితే వాళ్ళు మిమ్మల్ని ఎక్కువగా తలుచుకున్నది 'గ్లిమ్ ఆర్పు' అన్న కేకలోనే. చెక్క ఓడ, తారు పూసిన తాళ్ళు, అడుగున మందుగుండు. ఆ మందుగుండు గదిలోకి మీకు ప్రవేశమే లేదు. పక్క గదిలో, అద్దం అవతల నిలబడి వెలుగు పంపాలి. అంత నమ్మకం మీ మీద!

1807లో పాల్ మాల్ వీధిలో గ్యాసు దీపాలు వెలిగాయి. గ్లిమ్‌జాక్ అన్నానికి గండి పడింది. 1827లో జాన్ వాకర్ అగ్గిపుల్లలు అమ్మకానికి పెట్టాడు, ఇక దీపం వెలిగించి దాచుకెళ్ళే పని కూడా తగ్గింది. మీ మూత లాంతరు అప్పటికే లండన్ గస్తీ పోలీసు నడుముకెక్కే దారిలో ఉంది. ఎదురుగా వచ్చిన దొంగ దాన్ని చూసి ఏమనుకున్నాడో!

రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం మీకు ప్రభుత్వోద్యోగం దొరికింది. 1939 సెప్టెంబరు 1 నుంచి బ్రిటన్ అంతా దీపాలు కప్పేసింది. చీకట్లో దిగే రాయల్ ఎయిర్‌ఫోర్స్ విమానాలకు దారి తెలియాలి, శత్రువుకు తెలియకూడదు. అందుకు పెట్టిన చిన్న బ్యాటరీ దీపాలకు 'గ్లిమ్ ల్యాంప్' అని పేరు. అక్కడ కూడా మీ అర్హత మసకగా ఉండడమే.

కనుక సత్ప్రవర్తన ధ్రువపత్రం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. అనుభవ ధ్రువపత్రం కావాలంటే ఇస్తాం. సర్వీసు ప్రారంభం 1567 అనీ, ఉద్యోగం పోవడానికి కారణం అగ్గిపుల్ల అనీ రాసి పెట్టాం.

ఇట్లు,
ధ్రువపత్రాల విభాగం

తా.క.: మీరు జతచేసిన రెండు పాస్‌పోర్టు ఫొటోలూ నల్లగా వచ్చాయి. ఈసారి మూత తీసి దిగండి.