ఈ ఊళ్లో ఆటగాడు ముందు, క్లబ్బు తరువాత

పొద్దున్నే వాహనాలు ఆపేసిన వేళ విశాఖ బీచ్ రోడ్డుకు నడకకు వెళ్లేవారికి, ఇసుకలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ల వీపులు చదవడం ఒక కాలక్షేపం. మెస్సి, రొనాల్డో, సలా, హాలండ్, అప్పుడప్పుడు రంగు వెలిసిన ఒక గెరార్డ్. ఆ జెర్సీలకు ముందువైపు క్లబ్బు చిహ్నం కూడా ఉంటుంది గానీ, దాన్ని చూసి ఎవరూ ఎవరినీ పలకరించరు. వీపు మీది పేరును బట్టే పిలుపు, దాన్ని బట్టే వెక్కిరింపు. ఒక క్లబ్బులో ఎప్పటికీ ఇష్టమైన ఆటగాడెవరన్న ప్రశ్నకు అభిమానులు చెప్పే జవాబులను అర్థం చేసుకోవడానికి ఈ చిన్న సంగతి పనికొస్తుందని నా నమ్మకం.

లివర్‌పూల్‌లోనో మాంచెస్టర్‌లోనో పుట్టిన పిల్లవాడికి క్లబ్బు ఇంటిపేరులా వస్తుంది. తాత నిలబడిన స్టాండులోనే తండ్రి నిలబడతాడు, తండ్రి భుజాల మీద కూర్చుని పిల్లవాడు మొదటి ఆట చూస్తాడు. ఇక వాడు ఎంచుకోవలసిందల్లా ఆ పదకొండు మందిలో తనవాడెవరన్నదే. విశాఖలో ఈ వరస తిరగబడింది. ఇక్కడ మొదట ఒక ఆటగాడు టీవీలో కనిపిస్తాడు, అతని వెంట క్లబ్బు ఇంట్లోకి వస్తుంది, ఆ తరువాతెప్పుడో ఆ క్లబ్బు చరిత్ర, దాని శత్రువులు, దాని పాత దుఃఖాలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. కాబట్టి ఒకే ప్రశ్న రెండు చోట్ల రెండు ప్రశ్నలవుతుంది. ఆ ఊరివాడిని మీరు అడుగుతున్నది ఇంట్లో ఎవరంటే ఎక్కువ ఇష్టమని. ఈ ఊరివాడిని అడుగుతున్నది అసలు ఈ ఇంటికి నిన్ను తీసుకొచ్చిందెవరని.

తమ క్లబ్బుతోనే పుట్టి పెరిగినవారి జవాబులైనా స్థిరంగా ఉంటాయా అంటే అదీ లేదు. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు 2001లో తమ క్లబ్బులో అత్యుత్తముడిగా ఎరిక్ కాంటొనాను ఎన్నుకున్నారు. ఆయన ఆ క్లబ్బుకు ఆడింది 1992 నవంబరు నుంచి 1997 మే వరకు, అంటే అయిదేళ్లు కూడా నిండలేదు. 185 మ్యాచ్‌లు, 82 గోల్స్. అదే క్లబ్బుకు 758 మ్యాచ్‌లు ఆడి 249 గోల్స్ చేసిన బాబీ చార్ల్‌టన్, 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదం నుంచి బయటపడి పదేళ్ల తరువాత యూరోపియన్ కప్ ఫైనల్లో రెండు గోల్స్ కొట్టినవాడు. లెక్కలు చూసినా, కథ చూసినా పోటీయే లేదు. అయినా ఓటు కాంటొనాకే పడింది. ప్రేక్షకుడి మీదికి కాలు విసిరి ఎనిమిది నెలలు నిషేధానికి గురై, 1995 అక్టోబరు 1న లివర్‌పూల్ మీద తిరిగొచ్చి పెనాల్టీ గోల్ చేసిన మనిషిని, ఆ ఓటు వేసినవారిలో చాలామంది కళ్లారా చూశారు. మరో పదేళ్లకు, 2011లో, క్లబ్బు ప్రపంచవ్యాప్తంగా నిర్వహించిన ఓటింగులో ర్యాన్ గిగ్స్ మొదటి స్థానానికి వచ్చాడు. చెల్సీలోనూ ఇదే తంతు: 2003లో జియాన్‌ఫ్రాంకో జోలా, 2012లో డిడియే ద్రోగ్బా. ఆ ఏడాది మే 19న మ్యూనిక్‌లో, యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో, 88వ నిమిషాన తలతో గోల్ కొట్టి, చివరి పెనాల్టీతో కప్పు తెచ్చినవాడికి కొద్ది నెలల తరువాత జరిగిన ఓటింగులో ఎవరు ఎదురు నిలుస్తారు? ఆ తొమ్మిదేళ్లలో జోలా ఆటలో తగ్గిందేమీ లేదు. ఓటర్లు మారారు, అంతే.

ఓటింగులను తప్పుబట్టాలని ఇదంతా చెప్పడం లేదు. గొప్పవాడెవరన్నదానికి రికార్డులు జవాబిస్తాయి. ఇష్టమైనవాడెవరన్న ప్రశ్న మాత్రం అభిమాని వయసు చుట్టూ తిరుగుతుంది. పన్నెండేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్య ఎవరిని చూశాడో వారిలోనే జవాబు దొరుకుతుంది. విశాఖలో దీనికి ఇంకో గోడ అడ్డం ఉంది. ఈ ఊరికి యూరప్ క్లబ్బు ఫుట్‌బాల్ 1990ల్లో కేబుల్ తీగ మీద వచ్చింది. అంతకు ముందు దూరదర్శన్‌లో 1986 ప్రపంచ కప్పు చూసి మారడోనాను మనసులో పెట్టుకున్నవారు ఇక్కడ చాలామందే ఉన్నారు గానీ, ఆ తరువాత ఆయన ఇటలీ క్లబ్బు నేపొలీకి రెండు లీగ్ టైటిళ్లు గెలిపించిన ఆటలు వారికి వార్తలే తప్ప దృశ్యాలు కావు. అందువల్ల మన దగ్గర 'ఎప్పటికీ' అనే మాటకు అర్థం మహా అయితే ముప్ఫై ఏళ్లు. లివర్‌పూల్ డాల్‌గ్లీష్, రియల్ మాడ్రిడ్ డి స్టెఫానో, చార్ల్‌టన్ మనకు పురాణ పురుషులు, గౌరవిస్తాం, ఇష్టపడలేం.

నా సంగతే చెబుతాను. 2005 మే 25 రాత్రి, ఉక్కునగరంలోని మా క్వార్టర్లో, మర్నాడు ఏ-షిఫ్టుకు వెళ్లవలసిన నాన్నగారు నిద్ర లేవకుండా టీవీ శబ్దం పూర్తిగా తీసేసి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చూశాను. ఇస్తాంబుల్‌లో ఆట మొదలయ్యేసరికి మనకు పన్నెండుంపావు దాటింది. సగం ఆటకు ఏసీ మిలాన్ 3, లివర్‌పూల్ 0. టీవీ కట్టేసి పడుకున్నాను. 54వ నిమిషంలో లివర్‌పూల్ కెప్టెన్ గెరార్డ్ తలతో కొట్టిన గోల్, 56లో స్మిచెర్ గోల్, 60లో పెనాల్టీ తప్పినా వెనక్కు వచ్చిన బంతిని అలోన్సో లోపలికి కొట్టడం, ఆ పెనాల్టీ గెరార్డ్‌నే మిలాన్ ఆటగాడు గట్టూసో పడేయడం వల్ల వచ్చింది కావడం, చివరికి లివర్‌పూల్ గెలవడం, ఇవన్నీ నేను నిద్రలో ఉండగా జరిగాయి. మర్నాడు వార్తల్లో చూసినప్పుడు సంతోషం కంటే ముందు కలిగింది సిగ్గు. అంతకు ఏడు వారాల ముందే మధురవాడ స్టేడియంలో పాకిస్థాన్ మీద ధోనీ 148 కొట్టిన ఇన్నింగ్స్‌ను గ్యాలరీలో కూర్చుని చూసినవాణ్ని. అది నాకొక మంచి జ్ఞాపకం. చూడకుండా వదిలేసిన ఆ ఆరు నిమిషాలు మాత్రం అప్పులా మిగిలిపోయాయి. మరుసటి ఏడాది లివర్‌పూల్ ఆడిన ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ ఫైనల్ మన సమయానికి సాయంత్రం ఏడున్నరకే వచ్చింది. వెస్ట్ హామ్ 3-2తో గెలుపు అంచున ఉండగా, అదనంగా కలిపిన నిమిషాల్లో, కాళ్లు పట్టేసి పరుగెత్తలేక నిలబడిన గెరార్డ్ ముప్ఫై గజాలకు పైబడిన దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా వలలో పడింది. ఆ రోజు మాత్రం చివరి పెనాల్టీ దాకా కుర్చీలోంచి కదల్లేదు.

లివర్‌పూల్ అభిమానులు 2006లో వంద మంది ఆటగాళ్లను వరుసలో పెట్టినప్పుడు డాల్‌గ్లీష్ మొదటివాడు, గెరార్డ్ రెండోవాడు. అది సబబే. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులను బలిగొన్న తొక్కిసలాట తరువాత, మేనేజరుగా ఉన్న డాల్‌గ్లీష్ ఒకే రోజు నాలుగు అంత్యక్రియలకు కూడా వెళ్లాడు. 97 మందిని పోగొట్టుకున్న ఊరు ఆ మనిషిని ఏ స్థానంలో ఉంచుకుంటుందో బయటివాడు ప్రశ్నించలేడు, పంచుకోనూ లేడు. నా జవాబు గెరార్డే. అతను లీగ్ గెలవలేదని నాకు తెలుసు. ఇస్తాంబుల్ గెలిచిన ఆరు వారాలకే చెల్సీకి వెళ్లిపోతానని అడిగి, రాత్రికి రాత్రి మనసు మార్చుకున్నాడనీ తెలుసు. 2014 ఏప్రిల్ 27న అదే చెల్సీ మీద, టైటిల్ చేతికి అందే సమయంలో, కాలు జారి డెంబా బాకు బంతి వదిలేశాడనీ తెలుసు. ఆ ఏడాది మాంచెస్టర్ సిటీ 86 పాయింట్లతో గెలిచింది, లివర్‌పూల్ 84 దగ్గర ఆగింది. తరువాత అదే లివర్‌పూల్‌తో సలా రెండు లీగ్ టైటిళ్లు గెలిచాడు. లెక్కన చూస్తే గెరార్డ్ కంటే అతనికే ఎక్కువ మార్కులు. అయినా ఇష్టం లెక్కకు లొంగదు. ఫ్రాంచెస్కో టోట్టి ఇటలీ క్లబ్బు రోమాకు 786 మ్యాచ్‌లు ఆడి గెలిచిన లీగ్ ఒక్కటే, 2001లో. 2017 మేలో అతని చివరి ఆట రోజున స్టేడియం అంతా కన్నీరు పెట్టుకుంది.

క్లబ్బు బలహీనంగా ఉన్న కాలంలో పక్కన నిలిచినవాడిని అభిమానులు మరిచిపోరని దీన్నిబట్టి ఒక సూత్రం చెప్పేయవచ్చు. అది సగమే నిజం. బార్సిలోనాకు 778 మ్యాచ్‌లలో 672 గోల్స్ చేసిన మెస్సిని ఇష్టపడటానికి ఎవరికీ బలహీనత కారణంగా అక్కరలేదు. ఆ ఎడమ కాలు చాలు. 2021 ఆగస్టులో అతను ఏడుస్తూ బార్సిలోనా వదిలినప్పుడు మన ఊళ్లో ఏం జరిగిందన్నదే నాకు ఆసక్తి. మా బంధువుల అబ్బాయి ఒకడు నీలం ఎరుపు చారల జెర్సీ మడిచి పెట్టి పారిస్ జెర్సీ కొన్నాడు, రెండేళ్లకు గులాబీ రంగు మయామీ జెర్సీ కొన్నాడు. మూడు క్లబ్బులు, ఒక్కడే ఆటగాడు. ఇలాంటివారిని నకిలీ అభిమానులని ఎగతాళి చేయడం ఫుట్‌బాల్ తెలిసినవాళ్లమనుకునే మాకు అలవాటు. ఆలోచిస్తే ఆ అబ్బాయే నిజాయితీపరుడు. అతను ఆ ఇంటికి వచ్చింది ఆ మనిషి కోసం. మనిషి వెళ్లాక ఆ ఇంట్లో అతనికేం పని? నాలాంటివారు గెరార్డ్ వెళ్లాక కూడా లివర్‌పూల్‌తో ఉండిపోయామంటే, అందులో విధేయత పాలు కొంతే. పదేళ్లు గడిచాక చిరునామా మార్చుకోవడానికి బద్ధకించడం మిగతా పాలు.

ఇంత దూరపు ఇష్టాల మధ్య ఒక దగ్గరి పేరు మనకు తెలియకుండా పోయింది. మా క్వార్టర్లలో పక్క బ్లాకులో ఒక బెంగాలీ పెద్దాయన ఉండేవారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం, కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ అంటే ప్రాణం. ఇస్తాంబుల్ మర్నాడు నేను గెరార్డ్ గురించి ఊదరగొడుతుంటే ఆయన వచ్చీరాని తెలుగులో, "మీ బలరాం ఆట తెలుసా?" అన్నారు. నాకు తెలియదు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టాడని, సయ్యద్ అబ్దుల్ రహీం అనే హైదరాబాదు కోచ్ చేతిలో రాటుదేలాడని, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్లలో ఉన్నాడని, 1960 రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ చేశాడని ఆ సాయంత్రమే విన్నాను. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అన్న మూడు పేర్లను ఆయన త్రిమూర్తుల్లా ఒకే గుక్కలో పలికారు. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరిన బలరాం తరువాత రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు మారి, ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఇరవై ఏడేళ్లకే ఆట మానేశాడు. ఆ బీఎన్ఆర్ అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మన వాల్తేరు స్టేషనును కలకత్తాతో కలిపిన కంపెనీ. ఆ పట్టాల మీదుగా ఉద్యోగులు వచ్చారు, రసగుల్లా వచ్చింది, దుర్గా పూజ వచ్చింది. బలరాం పేరు మాత్రం రాలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న మాట ఆయన విషయంలో అక్షరాలా జరిగింది. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో ఆయన కన్నుమూసినప్పుడు ఆ నగరంలోని పాత అభిమానులు తమవాడు పోయాడనుకున్నారు. నాకు ఆ వార్త చేరేసరికి మా పెద్దాయన కూడా లేరు.

తెలుగువారికి సొంత క్లబ్బు ఉంటే ఈ వరస సరిదిద్దుకునేదేమో. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మన ఊరి నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చేరే దూరంలో, గచ్చిబౌలిలో మైదానం. 2021-22లో ఆ జట్టు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేస్తే, పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు. ఆ సీజన్‌లో 18 గోల్స్ చేసిన ఒగ్బెచే ఒక తరానికి గెరార్డ్ కావలసినవాడు. కోవిడ్ వల్ల ఆ ఏడు ఆటలన్నీ గోవాలోనే జరగడంతో, సొంత గడ్డ మీద చూసే భాగ్యం అభిమానులకు లేకపోయింది. తరువాత ఆర్థిక ఇబ్బందులు, ఆటగాళ్ల వలస, 2023-24లో పట్టికలో అట్టడుగు స్థానం. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఇష్టం ఊరడానికి పదేళ్లు కావాలి; ఆ క్లబ్బుకు దక్కినవి ఆరే.

ఈ మధ్య ఒక ఆదివారం బీచ్ రోడ్డులో, సలాలకూ హాలండ్‌లకూ మధ్య ఒక పసుపుపచ్చ జెర్సీ కనిపించింది. వీపు మీద ఒగ్బెచే. భుజాలు జారిపోతున్నాయి, పన్నెండేళ్లు కూడా ఉండవు ఆ అబ్బాయికి. ఆగి, ఆ ఆటగాడంటే ఇష్టమా అని అడిగాను. "ఎవరో తెలీదండి, మా అన్నయ్య హైదరాబాదులో చదివినప్పుడు కొన్నాడు. ఆడికి బిగువైపోయిందని నాకిచ్చాడు" అని చెప్పి బంతి వెనక పరుగెత్తాడు.