ఫౌండర్స్ డే గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ ఫౌండర్స్ డే గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మొన్న శనివారం మా అబ్బాయి చదివే మగపిల్లల బడిలో స్థాపక దినోత్సవ రూపాన తమ దర్శనభాగ్యం కలిగింది. కార్యక్రమం రెండు గంటలకని కార్డులో అచ్చువేశారు. ముఖ్య అతిథి గారు నాలుగున్నరకు వేంచేశారు. అంతవరకు పిల్లలు ఉన్ని కోట్లు తొడుక్కొని ఎండలో వరుసగా నిలబడ్డారు. మూడో వరుసలో ఒక చిన్నవాడు కళ్లు తిరిగి కూలబడితే డ్రిల్లు మాస్టారు చంకనేసుకొని నీడకు చేర్చారు గాని, బ్యాండు మాత్రం ఆగలేదు. సంప్రదాయం కదా, ఆగకూడదు.

కోట్ల సంగతీ, విరాళమిచ్చిన వారికి షామియానా కింద సోఫాలూ, మాకు ఎండలో కుర్చీలూ వేసిన సంగతీ వదిలేస్తాను. నాకు మింగుడుపడనిది అతిథి గారి మాట ఒక్కటే: మన బడిది ఇంగ్లండులోని ఈటన్ బడి సంప్రదాయమట. చప్పట్లు మారుమోగాయి. అయ్యా, ఏ ఈటన్ సంప్రదాయం?

ఇంగ్లండు రాజు ఆరో హెన్రీ 1440లో ఆ బడిని పెట్టింది పేద పిల్లల కోసం. డెబ్బైమందికి చదువు, తిండి, బస ఉచితంగా ఇవ్వాలనీ, ఏడాదికి ఐదు మార్కులకు (మార్కు అంటే అప్పటి ఇంగ్లండు డబ్బు లెక్క) మించి రాబడి ఉన్నవాడికి ఆ చోటు దక్కకూడదనీ నిబంధనల్లోనే రాయించాడు. సొంత ఖర్చుతో ఊళ్లో బస చేసే కలవారి పిల్లలు ఆ డెబ్బైమంది పక్కన కూర్చొని చదువుకోవడానికి వచ్చారు. ఏకై వచ్చి మేకయ్యారు. ఇప్పుడక్కడ 1,300 మందికి పైగా చదువుతుంటే, ఏడాది ఫీజు 60 వేల పౌండ్లు దాటింది. ఆ డెబ్బై స్థానాలు ఇప్పటికీ ఉన్నాయి గాని, వాటికి పరీక్ష పెట్టి తెలివిని కొలుస్తారే తప్ప పేదరికాన్ని కాదు. దాదాపు వందమందికి పూర్తి ఫీజు మాఫీ చేస్తున్నామని వారు చెప్పుకొంటారు. మంచిదే, ఆ మాత్రమైనా చేస్తున్నారు. పాపం హెన్రీని 1461లో గద్దె దింపి, 1471లో లండన్ టవర్‌లో చంపేశారు. ఏటా మే 21న ఈటన్ వారు ఆ టవర్‌కు వెళ్లి తెల్లని లిల్లీపూలు పెట్టి వస్తారు. పూలు పెట్టడం అంత సులువు, మాట నిలబెట్టుకోవడం అంత కష్టం కాబోలు.

మూడో జార్జి రాజు పుట్టినరోజు పేరిట ఈటన్‌లో జరిగే జూన్ నాలుగు వేడుక జూన్ నాలుగునే జరగాలని లేదు, ముఖ్య అతిథి గారి వీలును బట్టి తమరు శనివారానికి జరిగినట్టే. వారు గోడ పక్కన ఆడే బంతాటలో, ఏటా సెయింట్ ఆండ్రూస్ డే నాడు జరిగే పెద్ద పోటీలో, చివరిసారి గోల్ పడింది 1909లో. ఆ సంప్రదాయం మాత్రం మనకు బాగానే అబ్బింది.

మన బేగంపేటలో 1923లో జాగీర్దార్ల కాలేజీ పెట్టినప్పుడు అది జాగీర్దార్ల కొడుకులకేనని దాపరికం లేకుండా చెప్పారు. 1949లో జాగీర్దారీ రద్దయ్యాక అది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా మారి ఇతరులకూ తలుపులు తెరిచింది. రాజకుమారుల కోసం పెట్టిన అజ్మీరు మేయో కాలేజీకి 1875లో మొదటి విద్యార్థిగా అల్వార్ రాజు ఏనుగులతో, పరివారంతో వచ్చాడు. వీళ్లెవరూ బీదల పేరు ఎత్తలేదు; అది కూడా ఒక నిజాయితీయే.

తమరి వేదిక మీద మాత్రం, మా బడి స్థాపకుడు బీద విద్యార్థుల కోసం తన భూమి రాసిచ్చాడని పెద్ద ఫోటోకు దండవేసి చదివారు. ఆ సాయంత్రమే మావాడి సంచిలో రెండు కాగితాలు వచ్చాయి: వచ్చే ఏడాది నుంచి ఫీజు పెంపు, కోటు రంగు మార్పు. కొత్త కోటు బడి కౌంటరులోనే కొనాలట. చచ్చినవాడి దాతృత్వాన్ని మైకులో చదివి, బతికున్నవాడి జేబు కోయడానికి సిగ్గుండాలి. బీదలకిచ్చిన స్థలంలో బీదవాడు గేటు దగ్గర కాపలాకు తప్ప లోపలికి రాలేకపోతే, ఆ దండ ఎవరికి? ఆ ఫోటో ఎందుకు?

వచ్చే ఏడాది కవాతు వద్దు, పాట వద్దు, అతిథి అసలే వద్దు. ఒక్క రూపాయి కట్టకుండా ఇక్కడ ఎంతమంది చదువుతున్నారో ఆ సంఖ్య ఒక్కటి మైకులో చదివించండి. సున్నా అయితే సున్నా అనే చదవమనండి.

ఇట్లు,
ఫీజు బకాయి లేని ఒక తండ్రి