గేటు ముందు ట్రాక్టరు

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కిన వారం, చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం నుంచి మామిడి తోట ఉన్న మా మామ ఫోన్ చేశాడు. "ఏందిరా అబ్బోడా, మీ ట్రంపు మన కాయల మీద గూడా యేసినాడంట గదా" అన్నాడు. అమెరికాలో ఉంటున్న పాపానికి ట్రంప్ నావాడైపోయాడు, సరే. మొదట 25 వేశారు, రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25 వేశారు అని చెప్పబోతుంటే మధ్యలోనే ఆపి, "చమురు కొనేదెవురు, కాయలు అమ్ముకునేదెవురు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

నిజానికి ఆ ఏడు మామను ముంచింది ట్రంప్ కాదు, సుంకం వచ్చేసరికి తోటలో కాయలే లేవు. జూన్‌లోనే అయిపోయింది కథ. గుజ్జు తీసే బెంగుళూర రకం మామిడి విరగకాసింది, ఫ్యాక్టరీలేమో పాత గుజ్జే అమ్ముడుపోలేదన్నాయి. కిలోకి 12 రూపాయలు, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం అని లెక్క కట్టారు గానీ మామ ట్రాక్టరు గేటు దాకా పోతే కదా! రెండు రాత్రులు వరుసలోనే ఉంది. అడుగు కాయలు మెత్తబడి రసం తారు రోడ్డు మీదికి కారుతుంటే, ఈగల మధ్యే టైరు పక్కన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. మూడో రోజు వాళ్లు ఎంతంటే అంతకు తలూపాడు.

దేశాల మధ్య ఒత్తిళ్లు కూడా ఈ గేటు ముందు బేరం లాంటివే అంటాను నేను. ఎవడు పెద్దోడు అన్నదానికంటే ఎవడు ఎన్నాళ్లు ఆగగలడు అన్నదే తేలుస్తుంది. 1956లో సూయజ్ కాలువ మీదికి సైన్యాన్ని పంపిన బ్రిటన్ పౌండు పడిపోతుంటే, అమెరికా ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) అప్పుకు అడ్డుపడింది, రోజుల్లోనే యుద్ధం ఆగింది. 1960ల కరువులో మనం వియత్నాం గురించి మాట్లాడినందుకు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడలను కొసరి కొసరి వదిలాడు, ఆకలి ఆగదని తెలుసు కాబట్టే. అదే 2025లో అమెరికా చైనా మీద 145 శాతం సుంకం వేస్తే, వాళ్లు అరుదైన ఖనిజాల ఎగుమతి బిగించి కూర్చున్నారు, మే నెలకల్లా ఇద్దరూ దిగొచ్చారు.

ఆగగలిగినవాళ్లు మా చిత్తూరు పక్క జిల్లాలోనూ ఉన్నారు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోదే కదా. 1993లో అమెరికా ఒత్తిడికి రష్యా లొంగి, మనకు క్రయోజెనిక్ (అతి చల్లని ఇంధనంతో నడిచే) రాకెట్ ఇంజన్లు ఇస్తాం గానీ తయారీ విద్య ఇవ్వం అంది. మనవాళ్లు సొంతంగా మొదలుపెట్టి, 2010లో ఒకసారి విఫలమై, 2014 జనవరి 5న జీఎస్ఎల్‌వీ రాకెట్‌ని మన ఇంజన్‌తోనే ఎగరేశారు. ఇరవై ఏళ్లు! అన్నాళ్లూ ఆ ఇంజనీర్లకు నెల జీతం ఆగలేదు, ఆ సంగతి ఎవరూ చెప్పరు.

మొన్న అసోసియేషన్ పిక్నిక్‌లో ఒకాయన ప్లేటులో పులిహోర పెట్టుకుంటూ "దేశం తగ్గకూడదండీ" అన్నారు. నేనూ తగ్గమనను. కానీ తగ్గకుండా నిలబడే ఖర్చు గేటు ముందు పడుకున్నవాడి నెత్తిన వేసి, మిగతావాళ్లం పౌరుషం మాట్లాడితే ఎలా? ఢిల్లీ ఎవరితోనైనా పంతానికి దిగే ముందు కోల్డ్ స్టోరేజీ, పంట అప్పుకు గడువు చూసుకోవాలి, అదీ విదేశాంగ విధానమే.

మామ మాత్రం రెండెకరాల చెట్లు కొట్టించేస్తానంటున్నాడు. తాత నాటినవి. రంపం మిషనోడికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాడట.