వీలునామా ఒడిశాలో, పొలం ఆంధ్రలో

బరంపురంలో సొంతిల్లు, ఇచ్ఛాపురం దగ్గర కాస్త పొలం, బ్యాంకులో డిపాజిట్. గంజాం, గజపతి జిల్లాల్లోని ఎన్నో తెలుగు కుటుంబాల ఆస్తి ఇలా రెండు రాష్ట్రాల్లో ఉంటుంది. ఇంటి పెద్ద పోయాక బ్యాంకు ఒక కాగితం అడుగుతుంది, తహసీల్దార్ ఆఫీసు ఇంకోటి అడుగుతుంది. అన్నీ ఒకటేననుకుని, అక్కర్లేని కాగితం కోసం నెలల తరబడి తిరుగుతారు.

లీగల్ హెయిర్ సర్టిఫికెట్ వారసులు ఎవరో చెబుతుంది, అంతే. ఎవరి వాటా ఎంతో తేల్చదు. సక్సెషన్ సర్టిఫికెట్ కోర్టు ఇస్తుంది. డిపాజిట్లు, షేర్లు, రావాల్సిన బాకీల వరకు అది దేశమంతటా చెల్లుతుంది, ఇంటికీ పొలానికీ పనికిరాదు. బ్యాంకు ఖాతాలో నామినీగా పేరుంటే డబ్బు చేతికి వస్తుంది కానీ సొంతమైపోదు. ఆ డబ్బు చట్టప్రకారం వారసులకో, వీలునామాలో ఉన్నవారికో చెందాల్సిందే. ఈ ఒక్క ముక్క తెలియక మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు.

ఇక ప్రొబేట్. ఈ వీలునామా నిజమైనదే అని కోర్టు ధ్రువీకరించి, అందులో ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాను అమలు చేసే వ్యక్తిగా, పేరున్నవారికి ఇచ్చే అధికారం అది. ఆస్తి అసలు చనిపోయిన వ్యక్తిదేనా అన్నది ప్రొబేట్‌లో తేలదు, దానికి వేరే దావా వేసుకోవాలి. ఎగ్జిక్యూటర్ పేరు రాయకపోతే ప్రొబేట్ బదులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి వ్యవహారాలు చూసే అధికారమిచ్చే కోర్టు పత్రం, తెచ్చుకోవాలి.

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. సాధారణంగా వీలునామా రాసినవారు సంతకం పెడుతుంటే సాక్షులు చూడాలి, వారి ఎదుటే తామూ సంతకం పెట్టాలి. రిజిస్టర్ చేయించినా సరే, కోర్టుకెక్కితే సాక్షుల్లో కనీసం ఒకరు బతికి ఉండి, రాగలిగే స్థితిలో ఉంటే వచ్చి చెప్పాలి. మనవాళ్లు ఈ విషయం అసలు పట్టించుకోరు. దస్తావేజు లేఖరి బల్ల దగ్గర ఆ పూట ఎవరు కనబడితే వాళ్లతో సంతకం పెట్టించేస్తారు, లేదా డెబ్భై దాటిన పెద్దమనిషిని గౌరవంగా పిలుస్తారు. పదేళ్ల తర్వాత ఆ సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

ప్రొబేట్ లేనిదే వీలునామా చెల్లదని కటక్ నుంచో కోల్‌కతా నుంచో బంధువులు భయపెడుతుంటారు. వాళ్ల ఊళ్లకు సంబంధించి అది చాలాకాలం నిజమే. 1925 నాటి భారత వారసత్వ చట్టం హిందువుల విషయంలో ఆ నిబంధనను పాత బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఏలుబడిలోని ప్రాంతాలకూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ పెట్టింది. కటక్, పూరీ అందులోకి వచ్చాయి. బరంపురం, పర్లాకిమిడి, కోరాపుట్ 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవి, మద్రాసు నగరానికి బయటివి. ఇక్కడి వీలునామాలో ఇక్కడి ఆస్తికి ఆ నిర్బంధం మొదటి నుంచీ లేదు. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ నిబంధన ఉన్న 213వ సెక్షన్‌నే తీసేసింది. కావాలనుకుంటే ప్రొబేట్ ఇప్పటికీ తీసుకోవచ్చు. వారసుల మధ్య తగాదా ఉన్నప్పుడు తీసుకోవడమే మేలు.

అయితే సరిహద్దు కుటుంబాలను ఇబ్బంది పెట్టే నిబంధన ఒకటి అలాగే ఉంది. జిల్లా జడ్జి ఇచ్చే ప్రొబేట్ మామూలుగా ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. బయటి రాష్ట్రంలోని ఆస్తి విలువ 10,000 రూపాయలు దాటలేదని జడ్జి ధ్రువీకరిస్తేనే మిగతా రాష్ట్రాల్లో చెల్లుతుంది. దాటితే హైకోర్టుకు, అంటే కటక్‌కు వెళ్లాలి. ఈ రోజుల్లో ఇచ్ఛాపురం దగ్గర పదివేలకు ఎంత నేల వస్తుంది? సెక్షన్‌నే రద్దు చేసిన పార్లమెంటుకు ఈ అంకె మార్చడం పెద్ద పని కాదు. ఇది ఎవరూ అడగకపోవడమే నాకు బాధ. బరంపురం ఎంపీ అయినా, శ్రీకాకుళం ఎంపీ అయినా లేవనెత్తాల్సిన విషయమిది.

అప్పటిదాకా మనం చేయగలిగింది కొంత ఉంది. ఎగ్జిక్యూటర్ పేరు స్పష్టంగా రాయాలి. వీలునామా రాసేవారికన్నా వయసులో చిన్నవాళ్లను, పిలిస్తే వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టుకోవాలి. ఏ రాష్ట్రంలోని ఆస్తికి ఆ రాష్ట్రం రికార్డుల ప్రకారం సర్వే నంబరు, ఖాతా నంబరు వేయాలి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు.