సముద్రాన్ని ఎండగట్టుటకై ఒక వినతి

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి వైపు రొయ్యల చెరువు నడిపిన ఏ రైతునడిగినా చెబుతాడు: పంట తీశాక చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టి, అడుగున చేరిన నల్లమట్టిని ఎత్తిపోసి, దున్ని, సున్నం చల్లితే తప్ప మరో పంటకు దిగకూడదు. సముద్రంలో పంజరాలు కట్టి చేపలు పెంచమని మనకు సలహా ఇస్తున్న పెద్దలు ఈ చివరి ఘట్టాన్ని మాత్రం వదిలేశారు. వారి లెక్కలో పంజరం ఒడ్డుకు చేరిన రోజున సాగు ముగుస్తుంది, నీరు తేటగా కనిపిస్తుంది, దస్త్రం మూతపడుతుంది.

అడుగున జరిగేది దస్త్రాలకెక్కదు. తినకుండా మిగిలిన మేత, చేపల మలం పంజరం కింద పేరుకుంటే, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బురదలోని ఆక్సిజన్‌ను హరిస్తాయి. ఆ తరువాత సల్ఫేటుతో బతికే మరో జాతి వచ్చి కుళ్లిన కోడిగుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడును తయారుచేస్తుంది. మిగతా జీవులు చచ్చో పారిపోయో పోగా, కాపిటెల్లా అనే సన్నటి పురుగు చదరపు మీటరుకు వేలల్లో పుట్టుకొస్తుంది. జీవుల సంఖ్య పెరిగిందని దీన్ని ప్రగతి నివేదికలో చూపవచ్చన్న సంగతి ఇంతవరకు ఎవరికీ తట్టకపోవడం విచారకరం. సాగు ఆపాక సల్ఫైడు నెలల్లోనే తగ్గవచ్చు గాని, ప్రవాహం మందగించిన చోట రకరకాల జీవులు తిరిగి కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. మేతలోని జింకు, వలలకు పూసిన మందులోని రాగి బురదను అంత తేలికగా వదలవు. స్పెయిన్‌కు చెందిన మెనోర్కా దీవి దగ్గర 1991లో చేపల పెంపకం ఆపేసినా, ఆ తరువాత మూడేళ్లకు కూడా అక్కడి సముద్రపు గడ్డి క్షీణిస్తూనే ఉందని పరిశోధకులు గమనించారు. ఆ గడ్డికి ఉత్తర్వు ప్రతి అందలేదు కాబోలు.

కనుక శ్రీకాకుళం జిల్లాకున్న 193 కిలోమీటర్ల తీరంలోను, విజయనగరానికి దక్కిన 28 కిలోమీటర్లలోను, ఎక్కడ పంజరం దించినా కౌలు ముగియగానే సముద్రాన్ని తోడించి, నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టాలన్న షరతును ఒప్పందంలోనే చేర్చాలని నా మనవి. ఇది అసాధ్యమనేవారు, బురద తేరుకునేదాకా ఏటేటా పరీక్షలు చేయించి, ఆ ఖర్చును కౌలుదారు దగ్గర ముందుగానే డిపాజిట్టు కట్టించుకోవాలంటారు. అంతటి కష్టమైన పని కన్నా తోడించడమే సులువని అనుభవజ్ఞులు ఒప్పుకుంటారు. ఆ కొద్ది రోజులూ భావనపాడు మత్స్యకారులు వేటకు నడిచి వెళ్లవచ్చు, డీజిలూ ఆదా అవుతుంది. తోడిన బంగాళాఖాతాన్ని ఎక్కడ పోయాలన్నదే ఇంకా తేలలేదు. ఒడిశా వైపు పోద్దామంటే, వంశధార నీళ్ల కోసమే వారితో ట్రిబ్యునల్ దాకా వెళ్లినవాళ్లం.